ఆ ఎరుపు కొంచెం తగ్గించగలరా?

పోయిన ఏడాది కొత్త ఫ్లాట్‌లోకి మారాక, హాల్లో ఒక గోడ బోసిగా ఉందని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక చేర్యాల పటం ఆర్డర్ ఇచ్చాను. ఆర్డర్ ఇచ్చాను అనడం కంటే మూడు వారాలు మాట్లాడాను అనడం కరెక్ట్. ముందు కొన్ని లైకులు. తర్వాత ఆయన పెట్టిన స్టోరీకి "చాలా బాగుందండీ" అని ఒక రిప్లై. ఆ తర్వాత "ప్రైస్ ప్లీజ్". ఆయన నంబర్ ఇచ్చారు, మాటలు వాట్సాప్‌లోకి మారాయి. ఆయన నన్ను సార్ అన్నారు, నేను ఆయన్ని అన్నా అన్నాను. సైజు కుదిరింది, ధర కుదిరింది, సగం డబ్బు ఫోన్‌లోనే పంపించేశాను. వారం తిరిగేసరికి సగం పనైన పటం ఫొటో వచ్చింది. గీతలు అయిపోయాయి, వెనక నేలంతా ఎర్రగా పూసేశారు. ఆ ఫొటోని మా గోడ ఫొటో పక్కన పెట్టి చూసుకుని మెసేజ్ కొట్టాను: "అన్నా, ఆ ఎరుపు కొంచెం తగ్గించగలరా? మా గోడ లేత బూడిద రంగు. క్రీమ్ అయితే సెట్ అవుతుంది."

రెండు టిక్కులు నీలంగా మారాయి. చాలాసేపు "టైపింగ్" అని చూపించింది. చివరికి వచ్చింది మాత్రం ఇంతే: "అట్లనే సార్. మీ ఇష్టం."

ఆ రెండు మాటలూ నన్ను వదల్లేదు. మా వృత్తిలో క్లయింటు ఏదైనా మార్చమంటే అంత తేలిగ్గా ఒప్పుకోం. ఎస్టిమేట్ వేయాలంటాం, తర్వాతి రిలీజ్‌లో చూద్దామంటాం, అసలు మీకు అది ఎందుకు కావాలి అని ఓ గంట మీటింగ్ పెడతాం. ఈయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. చేర్యాల పటానికి ఎర్ర నేల అంటే ఏమిటో నాకు తెలియదు, ఆయనకి తెలుసు. తెలిసినాయన తెలియనివాడికి సరే అన్నాడు. అది మర్యాదా, వ్యాపారమా, లేక విసుగా? తేల్చుకోలేక నాకు అలవాటైన పని చేశాను. శనాదివారాలు పాత వర్తకపు చరిత్రలు తిరగేశాను. తేలింది ఏమిటంటే, ఎరుపు వద్దన్న మొదటి కస్టమర్ని నేను కాదు.

1643లో ఈస్టిండియా కంపెనీ లండన్ డైరెక్టర్లు సూరత్‌లోని తమ కొఠీకి ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే బొమ్మల దుప్పట్లు చాలావరకు ముదురు ఎర్ర నేల మీద వస్తున్నాయి, అవి కొనేవాళ్ళందరికీ నచ్చడం లేదు, ఇకమీదట తెల్ల నేల ఎక్కువ ఉండాలి, దాని మధ్యలో పువ్వులూ కొమ్మలూ రంగుల్లో ఉండాలి, అవి ఎలా వేయాలన్నది చిత్రకారుడి ఇష్టం. సారాంశం ఇది. చివరి ముక్క చదివి కాసేపు ఆగిపోయాను. నేల రంగు మాత్రం కస్టమర్ చెప్తాడు, మిగతాది పనివాడి ఇష్టమట. మూడు వందల ఎనభై ఏళ్ళ తర్వాత నా ఫోన్‌లోకి అదే మాట తిరగబడి వచ్చింది. ఈసారి ఇష్టం నాది.

ఆ ఉత్తరం సూరత్‌కి రాసింది, మన తీరానికి కాదు. కానీ మన తీరం కూడా అప్పటికే అదే గిరాకీల మధ్య ఉంది. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం తొలి పదేళ్ళలోనే మచిలీపట్నం చేరారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో వచ్చారు. వాళ్ళు వచ్చేటప్పటికే ఇక్కడి అద్దకపు బట్టలకి గోల్కొండ దర్బారులో, పర్షియాలో, తూర్పు దీవుల్లో కొనేవాళ్ళున్నారు. ఆ బట్టల పేరంతా ఎరుపు మీదే. కృష్ణా డెల్టా ఇసుక నేలల్లో దొరికే చిరివేరు నుంచి వచ్చే ఎరుపు అది. ఉతికినకొద్దీ తేలుతుంది తప్ప వెలిసిపోదని పేరు. ఆ రంగు కోసమే ఓడలు వచ్చాయి. వచ్చిన కొన్నాళ్ళకి కొత్త కస్టమర్లు ఆ రంగే కాస్త ఎక్కువైందన్నారు.

డచ్చివాళ్ళ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. వాళ్ళకి కావలసింది తూర్పు దీవుల సుగంధ ద్రవ్యాలు. అక్కడివాళ్ళకి వెండికంటే మన బట్టల మీద మోజు ఎక్కువ. కాబట్టి మన బట్ట కొని, అక్కడ ఇచ్చి, లవంగాలూ జాజికాయలూ తెచ్చుకోవాలి. చిక్కల్లా, ఒక దీవిలో నచ్చిన అంచు పక్క దీవిలో అమ్ముడుపోదు. అందుకని నమూనా గుడ్డలు తెచ్చి ఇక్కడ ఇచ్చేవారు. ఇలాగే, ఈ అంచుతోనే, ఈ కొలతలోనే కావాలని. ఇంగ్లీషులో మస్టర్ అనే ఆ నమూనా గుడ్డ ఈరోజు మనం పింటరెస్ట్ నుంచి తీసి "ఇలాంటిది చేస్తారా" అని పంపే స్క్రీన్‌షాట్‌కి ముత్తాత.

తేడా ఎక్కడంటే, మచిలీపట్నం దగ్గర కూర్చుని కలం పట్టినవాడికి తను ఎవరికోసం వేస్తున్నాడో తెలియదు. లండన్లోనో జావాలోనో ఉన్న కొనుగోలుదారుకీ ఇతనికీ మధ్య కంపెనీ దొర, దుబాసీ, దళారీ, ఆ దళారీ కింద పనిచేయించే పెద్ద వరసగా నిలబడి ఉన్నారు. డబ్బు ముందుగా బయానా రూపంలో పైనుంచి కిందికి దిగేది. దాంతోపాటు అప్పు కూడా దిగేది. బయానా తీసుకున్నవాడు ఇంకొకరికి వేయడానికి లేదు. ఉత్తరం ఓడెక్కి రావాలి, బట్ట నేయాలి, అద్దాలి, ఉతకాలి, ఆరాలి, మళ్ళీ ఓడెక్కాలి. "నచ్చలేదు" అన్న మాట తిరిగి ఇక్కడికి చేరేసరికి ఏడాదిన్నరో రెండేళ్ళో గడిచేవి. నేను నచ్చలేదని చెప్పడానికి పట్టింది నలభై సెకన్లు.

ఆ మధ్యవర్తుల వరసలో ఒకాయన మాత్రం పనివాణ్ణి కళ్ళారా చూశాడు. డేనియల్ హావర్ట్ అనే డచ్చి ఉద్యోగి, కోరమాండల్ తీరంలో చాలా ఏళ్ళు పనిచేసి 1693లో ఈ తీరం గురించి పుస్తకం వేశాడు. అందులో అద్దకపు బొమ్మలు వేసేవాళ్ళ గురించి ఒక మాటుంది. వాళ్ళ పని నత్తనడకలా సాగుతుందట, ముందుకు కదులుతున్నట్టే కనిపించదట. ఓర్పు అనే గుణానికి బొమ్మ గీయాలనుకున్నవాడు ఇంకెక్కడా వెతుక్కోనక్కర్లేదు, ఒక పాలకొల్లు చిత్రకారుణ్ణి చూసి గీస్తే చాలట. మన పాలకొల్లే! పశ్చిమ గోదావరి స్నేహితులు ఈ ముక్క గర్వంగా వాడుకోవచ్చు. నాకు మాత్రం అది మెచ్చుకోలుగా ఒక్కటే వినిపించలేదు. సరుకు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఉద్యోగి నిట్టూర్పు కూడా వినిపించింది. డెలివరీ ఎప్పుడు అని నేను ఆ అన్నని మూడుసార్లు అడిగాను కాబట్టి ఆ గొంతు గుర్తుపట్టగలిగాను.

నేల తెల్లబడింది. 18వ శతాబ్దానికి ఇంగ్లండు పడకగదుల్లో వేలాడిన పలంపోర్లు చూడండి. తెల్ల నేల, మధ్యలో మెలికలు తిరిగిన పూల చెట్టు, అడుగున రాళ్ళ గుట్ట. అచ్చమైన భారతీయ చిత్రం అని యూరప్ మురిసిపోయిన ఆ చెట్టులో ఇంగ్లీషు కుట్టుపని, పర్షియా, చైనా పోకడలు కలగలిసి ఉన్నాయని జాన్ ఇర్విన్ లాంటి చరిత్రకారులు చూపించారు. కస్టమర్ తన ఊహని ఉత్తరంలో పంపాడు, అది మన చేతుల మీదుగా బట్టయి తిరిగి వెళ్ళింది, దాన్ని చూసి "ఎంత విదేశీగా ఉందో" అని ఆశ్చర్యపోయాడు. అల్గారిదం అనే మాట లేని కాలంలో కూడా మన ఇష్టాలే మనకి కొత్తగా తిప్పి చూపించే పద్ధతి ఉండేదన్నమాట.

తర్వాత జరిగింది త్వరగా చెప్తాను. ఫ్రాన్స్ 1686లో ఈ బట్టల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేసింది. 1719లో లండన్ వీధుల్లో ఆ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీద అక్కడి నేతగాళ్ళు దాడులు చేశారు. కస్టమర్‌కి మీరంటే ఎంత ఇష్టమున్నా, కస్టమర్ ఉన్న బజారు తలుపులు వేరేవాళ్ళ చేతిలో ఉంటాయి. 2020 జూన్ 29న టిక్‌టాక్ ఆగిపోయినప్పుడు ఫాలోయర్లందరినీ ఒక్క రాత్రిలో పోగొట్టుకున్నవాళ్ళకి ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు.

ఇదంతా సముద్రపు ఒడ్డు కథ. చేర్యాలకి ఓడలు రాలేదు, దొరలు రాలేదు. నేను నిజంగా తెలుసుకోవాలనుకున్నది ఆ ఊరి సంగతి.

ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉంది చేర్యాల. అక్కడి నకాషీ కుటుంబాలు వేసే పటాలు గోడకి తగిలించుకునేందుకు పుట్టినవి కావు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవున్న గుడ్డ. గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి ఆరబెడతారు. దానిమీద వినాయకుడితో మొదలుపెట్టి గడులు గడులుగా ఒక కులం పుట్టుక కథ వేస్తారు. ఆ పటాన్ని వేయించుకునేది కథ చెప్పేవాళ్ళు. పద్మశాలీలకి కూనపులివాళ్ళు, ముదిరాజులకి కాకిపడగలవాళ్ళు, మాదిగలకి డక్కలివాళ్ళు, గొల్లలకి మందహెచ్చులవాళ్ళు, చాకళ్ళకి పటంవాళ్ళు, మంగళ్ళకి అద్దంవాళ్ళు. ప్రతి పెద్ద కులానికీ దాని కథ మాత్రమే చెప్పే ఒక ఆశ్రిత కులం ఉంది. వాళ్ళు పటం పట్టుకుని ఊరూరా తిరుగుతారు, ఒక్కో గడి విప్పుతూ కథ పాడతారు, ఆ ఊళ్ళో ఉన్న ఆ కులంవాళ్ళు కట్నకానుకలు ఇస్తారు.

అంటే ఒక పటానికి ఇద్దరు కస్టమర్లు. డబ్బిచ్చి వేయించుకునే కథకుడు ఒకడు. చెట్టు కింద కూర్చుని చూసే ఊరు రెండోది. కొత్త కస్టమర్లని వెతుక్కునే పనే లేదు. ఏ ఊరు ఏ కథకుడి కుటుంబానిదో ముందే పంచుకుని ఉంటుంది. మిరాశి అంటారు దాన్ని. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, అన్నదమ్ములు పంపకాలు చేసుకుంటారు, పిల్ల పెళ్ళిలో ఊళ్ళని కట్నంగా ఇవ్వడం కూడా ఉండేది. ఫాలోయర్లని కట్నంగా ఇవ్వడం అన్నమాట! నవ్వొచ్చినా, మార్కెటింగ్ పుస్తకాలు కస్టమర్ సంబంధాన్ని ఆస్తి అంటాయి, వీళ్ళు ఆ మాటని నిజంగానే ఆస్తిగా రాసుకున్నారు.

ఈ ఏర్పాటుని ముచ్చటపడి చెప్పడం నాకిష్టం లేదు. అది కులం గీసిన గీత మీద నిలబడ్డ సంబంధం. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద. డక్కలివాళ్ళని ఊరు ఎంత దూరంలో ఉంచిందో తెలిసినవాళ్ళెవరూ ఆ రోజులు మళ్ళీ రావాలని అనరు. కానీ అందులో ఒక్క విషయం గమనించదగ్గది. కొనేవాడికి కథ తెలుసు. చూసేవాడికి కూడా తెలుసు. గడి తప్పితే, ఆయుధం మారితే, ఒక దేవత ఒంటి రంగు మారితే అడిగేవాళ్ళున్నారు. అక్కడి కస్టమర్ చిత్రకారుణ్ణి నిలదీయగలడు, కానీ ఆ నిలదీత కథ తరఫున. తన గోడ తరఫున కాదు. అసలు గోడే లేదు.

ఎర్ర నేల ఎందుకు? ఇంగిలీకపు ఎరుపు మీద పసుపు, నీలం, తెలుపు బొమ్మలు గుంపుకి ఆ చివర కూర్చున్నవాడిక్కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఇది నా ఊహ, సైట్లలో కాంట్రాస్ట్ గురించి వాదించుకునే వృత్తివాడి ఊహ. కానీ ఆ ఎరుపు ఒకరి అభిరుచి కాదనీ, వందమంది ఒకేసారి చూడడానికి కుదిరిన ఏర్పాటనీ అనిపిస్తుంది. లేత బూడిద గోడకి ఆరడుగుల దూరంలో సోఫాలో ఒక్కణ్ణే కూర్చునే నాకు ఆ అవసరం లేదు.

ఇంకో సంగతి నన్ను కదిలించింది. పటం పాతబడి చిరిగిపోతే దాచుకోరు. మనిషికి చేసినట్టే మర్యాద చేసి నదిలో కలుపుతారు. కొత్త పటం వేయించుకుంటారు. అంటే చిత్రకారుడికి పని దొరకడానికి కారణం పటం అరిగిపోవడం. అరగడానికి కారణం అది చాలా ఊళ్ళు తిరగడం. నేను కొన్నది ఎప్పటికీ అరగదు. అద్దం వేయించాను.

సినిమా వచ్చింది, రేడియో వచ్చింది, టీవీ వచ్చింది. కథ చెప్పేవాళ్ళు తగ్గారు. కథకుడు పోతే నకాషీకి కస్టమర్ పోయినట్టే. 1970ల నాటికి ఈ పని దాదాపు ఆగిపోయే స్థితికి వచ్చింది. హైదరాబాదులో జగదీశ్ మిత్తల్ లాంటి కళాసేకర్తలు ఈ పాత పటాల విలువ గుర్తించి సేకరించారు. ఆయన, భార్య కమల పేర్ల మీద 1976లో మ్యూజియం ఏర్పడింది. హస్తకళల బోర్డులు, ప్రదర్శనలు, ఎంపోరియంలు ముందుకొచ్చాయి. యాభై అడుగుల పటం ఎవరు కొంటారు? కాబట్టి గడుల్ని విడదీశారు. ఒక గడి, ఒక ఫ్రేము. తర్వాత కథ అక్కర్లేని బొమ్మలొచ్చాయి. బతుకమ్మ ఆడుతున్న ఆడవాళ్ళు, తాడెక్కుతున్న గౌడన్న, బోనాలు, నాగలి పట్టిన రైతు. చెప్పేవాడు లేకపోయినా అర్థమయ్యే బొమ్మలవి. అవి కొత్త కస్టమర్ పుట్టించిన బొమ్మలు. ఈ మార్పుని తిట్టేవాళ్ళని చూశాను. నేను తిట్టను, ఆ మార్పే లేకపోతే ఇవాళ నేను మెసేజ్ పెట్టడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఎంపోరియం చేతుల్ని బతికించింది. కానీ అక్కడ చిత్రకారుడికీ కొనేవాడికీ మాటల్లేవు. పటం వెనక ధర చీటీ ఉంటుంది, కొన్నవాడు ఎవరో వేసినవాడికి తెలియదు. ఒక రకంగా మళ్ళీ మచిలీపట్నమే.

ఇక మన కాలం. 2016లో రెండు జరిగాయి. యూపీఐ మొదలైంది, మొబైల్ డేటా చవకైంది. ఊళ్ళో కూర్చున్న చిత్రకారుడు ఫొటో పంపగలడు, డబ్బు అందుకోగలడు. 2020లో లాక్‌డౌన్ వచ్చి మేళాలన్నీ మూతపడేసరికి, పంపగలడు అన్నది పంపక తప్పదు అయింది. ఇప్పుడు హైదరాబాదు ఫ్లాట్ల నుంచి, బెంగళూరు నుంచి, డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి మెసేజ్‌లు వస్తాయి. డాలస్‌లో ఉండే మా కజిన్ తన కూతురి పుట్టినరోజుకి బతుకమ్మ బొమ్మ వేయించింది. మధ్యలో ఉన్న ఆడవాళ్ళలో ఒకరి ముఖం తన అత్తగారిలా ఉండాలని ఫొటో కూడా పంపింది. ఉంది కూడా, కొంచెం!

ఈ పద్ధతిని కొత్త బజారు అంటారు. నాకు చూడగా చూడగా ఇది చాలా పాతదిగా కనిపిస్తోంది. ముందు ఆర్డరు, తర్వాత పని. ముందు మాట, తర్వాత ధర. ధర కింద రాయరు, "డీఎం చేయండి" అంటారు. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల గనుల దగ్గర బేరాలు ఎలా జరిగేవో తావెర్నియే రాశాడు. ఇద్దరు వర్తకులు ఎదురెదురుగా కూర్చుంటారు, బట్ట కింద చేతులు కలుపుతారు, వేళ్ళు నొక్కడమే బేరం. చుట్టూ జనం ఉన్నా ఎవరికీ ధర తెలియదు. డీఎం కూడా అలాంటి బట్టే. నాకొక రేటు, మా కజిన్‌కి ఒక రేటు అయ్యుంటుంది. అయితే తప్పేమీ లేదు. దళారీ లేడు, ఆ ధరంతా వేసిన చేతికే వెళ్తుంది. ఇది చిన్న విషయం కాదు. మచిలీపట్నం పనివాడు ఎన్నడూ చూడనిది.

అయితే ఆ దళారీ చేసిన పనిని ఇప్పుడెవరు చేస్తున్నారు? చిత్రకారుడే. మా అన్న దినచర్య ఆయన స్టోరీల్లో చూస్తుంటాను. ఉదయం రంగు నూరుతున్న వీడియో. మధ్యాహ్నం మూడింటికి ఎవరికో పటం చుట్టి పార్సెల్ చేస్తున్న వీడియో. రాత్రి పదకొండున్నరకి నా "డెలివరీ ఎప్పుడు అన్నా" కి జవాబు. పండగలకి అందరికీ శుభాకాంక్షలు. మా బాబు పుట్టినప్పుడు ఎవరూ చెప్పకుండానే దీవెన పంపారు, నా స్టేటస్ చూసి. నిజంగా సంతోషించాను. తర్వాత వచ్చే నెల ఒక మాస్క్ కొన్నాను. ఆ రెంటికీ సంబంధం లేదని నాకు నేను చెప్పుకోగలను, కానీ ఉంది. కొంటున్నది బొమ్మనే కాదు, బొమ్మ వేసినాయన నాకు తెలుసు అనే భావాన్ని. వచ్చిన చుట్టాలతో "చిత్రకారుడు నాకు పర్సనల్‌గా తెలుసు" అని అన్నాను కూడా. ఆ భావాన్ని తయారుచేయడానికి రోజుకి మూడు నాలుగు గంటలు ఆయన కుంచె పక్కన పెడుతున్నారు. బిల్లులో ఆ గంటలు లేవు. పాలకొల్లు చిత్రకారుడు నత్తలా పనిచేయగలిగాడంటే, కస్టమర్లతో మాట్లాడే పని వేరేవాడిది కావడం కూడా ఒక కారణం కావచ్చు.

ఫోను ఆకారం బొమ్మని ఏం చేస్తుందన్నది ఇంకో సంగతి. చదరంగా ఉన్నవి ఎక్కువ అమ్ముడవుతాయి. రెండు మూడు పెద్ద ముఖాలున్నవి, వేలంత తెరమీద కూడా తెలిసేవి. యాభై అడుగుల పటం తెరమీద పట్టదు. స్క్రోల్ అనే మాట మీద ఇక్కడొక జోకు ఉంది, వేయను.

మళ్ళీ మా పటం దగ్గరికి వస్తాను. ఈ చదువంతా మూడు రోజుల్లో బుర్రకెక్కించుకుని, నాలుగో రోజు పొద్దున్నే మెసేజ్ పెట్టాను. "అన్నా, తప్పు అడిగాను. ఎరుపే ఉంచేయండి." జవాబుగా ఫొటో వచ్చింది. క్రీమ్ నేల మీద పటం పూర్తయిపోయింది. ఎర్రది పూసిన గుడ్డ వేరే వాళ్ళకి పోయిందట. "మీది ఇదే సార్. మంచిగనే వచ్చింది." నిజంగానే బాగా వచ్చింది. మా గోడకి అచ్చంగా సరిపోయింది. అదే కొంచెం బాధ.

తగిలించిన వారానికి ఫ్రెండ్స్ వచ్చారు. మూడో గడిలో పులి మీద కూర్చున్నాయన ఎవరు అని ఒకమ్మాయి అడిగింది. అయ్యప్ప అన్నాను, ధైర్యంగా. ఆ రాత్రి అనుమానమొచ్చి అన్నకి మెసేజ్ పెట్టాను. ఒక నవ్వు ఎమోజీ, ఆ తర్వాత ఏడు నిమిషాల వాయిస్ మెసేజ్. అయ్యప్ప కాదు, భావనారుషి. మార్కండేయుడి కొడుకు, తామర నారతో దేవతలకి బట్ట నేసినవాడు, పద్మశాలీల మూలపురుషుడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్ళాడాడు, ఆ పులి కథ అక్కడిది. ఏ గడి తర్వాత ఏది వస్తుందో, నేను కొన్న నాలుగు గడుల మధ్య ఎన్ని గడులు లేవో కూడా చెప్పారు. మధ్యలో రెండుచోట్ల గొంతు పాటలోకి జారింది.

ఎరుపు తీయమన్నప్పుడు ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదన్నా అని అడిగాను. ఈసారి చిన్న మెసేజ్: "మా తాత కాడికి పటం కోసం వచ్చినోళ్ళు కథ తప్పితే అడిగేటోళ్ళు సార్. రంగు గురించి ఎవరూ అడగకపోయేది. మీరు రంగు అడిగిన్రు, కథ అడగలే. ఏది అడిగితే అది చెప్తం."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వాయిస్ మెసేజ్‌ని మాత్రం వేరుగా సేవ్ చేసి పెట్టుకున్నాను. ఎవరైనా మూడో గడి గురించి అడిగితే ఫోన్ వాళ్ళ చేతికిస్తాను. కూనపులివాళ్ళకి ఆ ఏడు నిమిషాలకి ఒక ఊరు ఏదో ఒకటి ఇచ్చేది. నేను హార్ట్ ఎమోజీ పెట్టాను. తర్వాత సిగ్గనిపించి ఐదు వందలు పంపబోతే, "ఎందుకు సార్" అని తిరిగి పంపేశారు. కథకి తీసుకునే హక్కు నకాషీది కాదు కదా, ఆయన బొమ్మకే తీసుకుంటారు.

మొన్న ఆదివారం ఆయన పేజీలో కొత్త పోస్టు కనిపించింది. లేత క్రీమ్ నేల, నాలుగు గడులు, మూడో గడిలో పులి. నా పటమే, మా ఇంటికి పంపే ముందు తీసిన ఫొటో. పెట్టిన గంటలోపే కింద మూడు కామెంట్లు: "ఇదే కలర్‌లో మాకూ కావాలి అన్నా."